పడవలో వేడి బువ్వ

ఇస్నాపూర్ చౌరస్తాలో సిగ్నల్ పడితే బండి ఆపి ఊరికే తలెత్తాను. రెండు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నాడు. ఒంటి మీద నీలం కోటు. బతికినన్నాళ్ళూ ఆయన కోటు తొడుక్కోగా నేను చూడలేదు. ఫ్లెక్సీలు అచ్చువేసేవాళ్ళ దగ్గర కోటు ఒకటి తయారుగా ఉంటుంది, పోయిన ప్రతివాడికీ దాన్నే తొడుగుతారు. మెడ దగ్గర అతుకు కనిపిస్తూనే ఉంది. ఫోటో కింద పెద్ద అక్షరాలతో ‘కార్మికుల ఆత్మబంధువు’ అని వేశారు. దాని కింద దినం ఎప్పుడో, ఇంద్రేశంలో ఇల్లు ఎక్కడో. అట్టడుగున ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ ముఖాలు వరసగా ఉన్నాయి. అందులో మొదటి ముఖం మొగులయ్యది.

వెనకనుంచి హారన్లు మోగుతుంటే బండి పక్కకు తీశాను. ఆత్మబంధువు అన్న మాట చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆయన పోయాడని కాదు. నా తరఫున చెప్తానన్న ఒక్క మాట చెప్పకుండానే పోయాడని. హెల్మెట్ పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆయన పేరు రాయను. మేమంతా అన్న అనే పిలిచేవాళ్ళం. పాశమైలారం వైపు కరెంటు ఆటోలకు బ్యాటరీ ప్యాకులు తయారుచేసే ఒక కంపెనీలో ఆయన మా లైన్ ఇన్‌చార్జి. నేనూ మొగులయ్యా ఆ లైన్లో సెల్లులు పేర్చేవాళ్ళం. ఇద్దరిదీ కాంట్రాక్టు ఉద్యోగమే, చిట్కుల్‌లో పక్కపక్క గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నన్ను మొగులయ్య బావా అనేవాడు. ఏ చుట్టరికమూ లేదు, నేను చర్చికి పోయేవాణ్ణి, వాడు ఏడుపాయల జాతరకు పోయేవాడు. అయినా బావే.

అన్న పొట్టి మనిషి. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు, దాంతోనే చెమటా తుడుచుకునేవాడు, గరిటే తుడిచేవాడు. గొంతు పెంచడం ఎరగడు. లైన్లో తప్పు జరిగితే ఇంకో ఇన్‌చార్జి అయితే తల్లిని తిట్టేవాడు, ఈయన దగ్గరికొచ్చి చెవిలో “జెర సూస్కో తమ్మీ” అని పోయేవాడు. ఆ గొంతు కోసమే మేం తప్పులు చేయకుండా పనిచేసేవాళ్ళం. చల్లన్నం అంటే మాత్రం ఆయనకు పగ. కంపెనీ క్యాంటీన్‌లో ఆరిపోయిన అన్నం ముందర కూర్చుని, వేలితో ఒకసారి ముట్టుకుని, ఎవరో అవమానించినట్టు ప్లేటు దూరం జరిపేవాడు.

సింగూరు డ్యాం వెనక నిలిచే నీళ్ళ ఒడ్డున ఆయన బామ్మర్దికి ఒక చిన్న ఫైబర్ పడవ ఉండేది. వారమంతా చేపలకు తిరిగే ఆ పడవను ఆదివారం మధ్యాహ్నాలు అన్నకు వదిలేవాడు, ఒకే షరతు మీద. పడవలో నిప్పు రాజేయకూడదు. వెనకెప్పుడో ఎవరో కిరోసిన్ స్టౌ వెలిగించి పడవ అంచు కాల్చారట. నీళ్ళ మీదికి పోవాలి, నిప్పు ఉండకూడదు, అన్నం మాత్రం పొగలు కక్కాలి. ఈ మూడూ కుదరవని ఇంకెవరైనా వదిలేసేవారు. అన్న బ్యాటరీలు చేసే మనిషి కదా, వదల్లేదు.

చేపలు పెట్టే థర్మాకోల్ పెట్టెలో బ్యాటరీ ప్యాకు పెట్టేవాడు. పక్కన చెక్క మీద ఇన్వర్టర్, దాని మీదికి నీళ్ళు చిందకుండా ప్లాస్టిక్ టబ్బు ఒకటి కాస్త ఎత్తి బోర్లించేవాడు. ఒక చిన్న కరెంటు కుక్కర్, ఒక ఇండక్షన్ పొయ్యి. రెండూ ఒక్కసారి పెడితే ఇన్వర్టర్ కుయ్యోమని ఆగిపోతుంది. అందుకని ముందు అన్నం, తర్వాత కూర. బియ్యం ఇంటి దగ్గరే నానేసి తెచ్చేవాడు, నానిన బియ్యం కరెంటు తక్కువ తింటాయని. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, చింతపండు రసం అన్నీ డబ్బాల్లో సిద్ధం. గిన్నె జారకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టచుట్టి పొయ్యి చుట్టూ కట్టేవాడు. కుక్కర్ టక్కుమనగానే తీసి రగ్గులో చుట్టి ఒళ్ళో పెట్టుకునేవాడు, కూర అయ్యేదాకా. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, ఇంకో చేత్తో చేపల పులుసు కలిపేవాడు. బ్యాటరీ తగ్గి ఇన్వర్టర్ కూతపెడితే దాంతో మాట్లాడేవాడు.

“ఇగ అలసినవ్ గాదే, సాలు తీ. జెరంతసేపు ఓపిక పట్టు, పులుసు దగ్గరవడ్డది.”

మొదటిసారి ఆ పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే నేను చెయ్యి కింద పెట్టి చూశాను. మంట లేదు, పొగ లేదు, చుట్టూ నీళ్ళు, మధ్యలో గిన్నె తుకతుకలాడుతోంది. గాలి ఎంత వీచినా ఆ పొయ్యికి పట్టింపు లేదు. కట్టెల పొయ్యి ముందర కళ్ళు నలుపుకునే మా అమ్మను తలుచుకుని, ఒకసారి ఈ పడవ ఎక్కిస్తే బాగుండును అనుకున్నాను. అన్నతో అన్నాను కూడా. “తోల్కరా, అమ్మకు నేను వండిపెడ్త” అన్నాడు. ఎందుకో తీసుకుపోవడం పడలేదు. ఇప్పుడు అందుకు సంతోషం.

వడ్డనకు ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. మూత ఆయన తప్ప ఇంకొకరు తీయకూడదు. తీసి ఆవిరిని ముఖానికి తగలనిచ్చి, కళ్ళు మూసుకుని, అప్పుడు గరిటె పట్టేవాడు. పెద్దవాళ్ళకు పెట్టే చేప తలకాయ నా పళ్ళెంలో వేసేవాడు. తను ఆఖర్న తినేవాడు, కుక్కర్ అడుగున అంటుకున్న మాడు గీకి. మా ఇళ్ళల్లో తినేటప్పుడు మాట్లాడకు అని చెప్పి పెంచారు. అన్న దగ్గర అది తలకిందులు. పళ్ళెంలో అన్నం పడగానే ప్రశ్న పడేది.

“నోట్ల వేడి బువ్వ ఉన్నోడు అబద్ధమాడడు తమ్మీ. చెప్పుండ్రి, ఎవనికి ఏం కష్టముందో.”

ఆదివారం ఆరాధన అయ్యేదాకా నేను కదలడానికి లేదు. పటాన్‌చెరు చర్చిలో మా అమ్మ ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూసుకునేది. నేను బండి మీద సింగూరు చేరేసరికి అందరూ ఒడ్డున ఆకలితో ఉండేవారు. “నడువు అన్నా, వాడు మల్ల వస్తడు” అని మొగులయ్య గునిసేవాడట. “పార్థన చేసుకోని వస్తడు, ఆగరాదు. ఆడు లేకుంటే పడవ కదలది” అనేవాడట అన్న. నాన్న లేకుండా పెరిగినవాణ్ణి. నా కోసం ఒకరు పడవ ఆపారన్న మాట నన్ను ఎంత కట్టిపడేసిందో చెప్పలేను.

పడవలో మనుషులు వారం వారం మారేవారు. నేనూ మొగులయ్యా మాత్రం ప్రతిసారీ ఉండేవాళ్ళం. మిగిలినవాళ్ళను అన్నే ఏరి పిలిచేవాడు. ఒక వారం వెల్డింగు లైన్ నుంచి, ఒక వారం ప్యాకింగు నుంచి, ఒకసారి ఒడిశా కుర్రాళ్ళు. ఫోన్లు ఒక సంచిలో వేయించి బామ్మర్ది గుడిసెలో పెట్టించేవాడు, నీళ్ళలో పడితే పాడైపోతాయని. కంపెనీలో ప్రతి మూలా కెమెరా ఉంటుంది. టీ తాగే చోట కూడా కాంట్రాక్టర్ మనిషి చెవులు రిక్కించుకుని నిలబడతాడు. పడవలో అవేవీ లేవు. నీళ్ళూ, కొంగలూ, వేడన్నం. నోళ్ళు వాటంతటవే తెరుచుకునేవి.

అందరి బాధా ఒకటే. ఏడాది తిరగకముందే కాంట్రాక్టర్ పేరు మారేది, మనుషులు మాత్రం వాళ్ళే. పేరు మారినప్పుడల్లా మా సర్వీసు మళ్ళీ మొదటికొచ్చేది. మొగులయ్య ఆ కంపెనీ పునాదులు తీసినప్పటినుంచీ ఉన్నవాడు, కాగితాల మీద మొన్న చేరినవాడు. “నా బిడ్డ నడుస్తుంది, మాట్లాడుతుంది, నేనే ఇంకా పుట్టలే” అని నవ్వేవాడు. కంపెనీ సొంత రోల్స్ మీదికి, పర్మనెంటుగా తీసుకోవాలని అందరం కలిసి లేబర్ ఆఫీసుకు పోదామన్న మాట ఆ పడవలోనే పుట్టింది. మొదట అన్నది మొగులయ్యే. అన్న అప్పుడు గరిటె ఆపి, “మంచి మాట. కని జల్దీ చెయ్యొద్దు, అందర్ని అడుగుదాం” అన్నాడు. ఆ అడగడానికే వారానికొక కొత్త జట్టును పిలుస్తున్నాడని మేం మురిసిపోయాం.

ఇక్కడ మా తెలివి సంగతి చెప్పాలి. మా కంపెనీ గేటు దగ్గర బయటికి పోయేటప్పుడు బెల్టు తీయించేవారు, టిఫిన్ డబ్బా మూత తీయించేవారు. ఒక్క సెల్లు బయటికి పోకూడదు. పరీక్షలో ఫెయిలైన ప్యాకులు కూడా తాళం వేసిన జాలీ గదిలోకే పోయేవి. అలాంటి గేటులోంచి సూట్‌కేసంత ప్యాకు బయటికొచ్చి మా ముందు అన్నం వండుతోంది. ఇంకో కంపెనీ మనుషులకు తెలియకపోవచ్చు. మేం రోజూ ఆ గేటులో చేతులెత్తి నిలబడేవాళ్ళం. ఒకసారి మొగులయ్య అడిగాడు.

“అన్నా, దీన్ని ఎట్ల దాటించినవ్?”

“తెచ్చిన తీ” అని కన్ను గీటాడు.

పడవంతా నవ్వింది. కంపెనీ కళ్ళు గప్పి దొంగతనంగా తెచ్చాడనుకున్నాం. దొంగతనం చేశాడనుకున్నాం కాబట్టే ఇంకా ఎక్కువ నమ్మాం. కంపెనీ సొమ్ము ఎత్తుకొచ్చి మాకు వండిపెడుతున్నవాడు మావాడు కాక ఎవడవుతాడు? ఎవరో లోపలనుంచి ఇచ్చి పంపితే తప్ప ఆ ప్యాకు రాదన్న ఆలోచన మాలో ఒక్కడికీ తట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఆయన మీద కంటే ఆ నవ్వు మీద నాకు కోపం ఎక్కువ.

ఆఖరి ఆదివారం ముసురు. టార్పాలిన్ కింద అందరం ఒదిగి కూర్చున్నాం. ఆ రోజు పప్పులో చింతచిగురు, బగారా అన్నం, వేయించిన జెల్ల చేపలు. గురువారం పొద్దున లోపలికి పోకుండా అందరం సంగారెడ్డి లేబర్ ఆఫీసుకు పోవాలని మాట అయిపోయింది. అన్న ఒక్కొక్కరికీ వడ్డిస్తూ అడిగాడు, ప్రేమగా, వాన చప్పుడులో వినపడీ వినపడనట్టు.

“ముందుగాల మాట్లాడేది ఎవలు?”

“మొగులయ్య” అన్నాం అందరం.

“మొగులయ్య ఒక్కడేనా? ఎన్కకెల్లి దైర్నం చెప్పనీకె ఇంకెవలన్న ఉండాలె గద.”

ప్యాకింగు అతను చెయ్యెత్తాడు. వెల్డింగు నుంచి ఇద్దరు ఎత్తారు. ఎవరు చెయ్యెత్తితే వాళ్ళ పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు పడింది. నేనూ ఎత్తబోతే, “నువ్వు తిను తమ్మీ, సల్లారుతది” అని నా చెయ్యి కిందికి దించాడు. చిన్నవాణ్ణని ముద్దు చేస్తున్నాడనుకున్నాను.

సోమవారం పొద్దున గేటు దగ్గర మొగులయ్య కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. రెండోసారి పెట్టాడు, మళ్ళీ ఎరుపే. ప్యాకింగు అతనిది ఎరుపు. వెల్డింగువాళ్ళవి ఎరుపు. అన్న కార్డు కూడా ఎరుపే. నా వంతు వచ్చింది. ఆకుపచ్చ. కడ్డీ తిరిగి నన్ను లోపలికి తోసింది. వెనక్కి వద్దామంటే ఆ కడ్డీలు ఒకే వైపు తిరుగుతాయి. కడ్డీల మధ్యనుంచి మొగులయ్య నన్ను చూశాడు, తన కార్డు చూసుకున్నాడు, మళ్ళీ నన్ను చూశాడు. పక్కన అన్న, టిఫిన్ సంచి భుజానికి వేసుకుని, తనది పోయినా పట్టించుకోని పెద్దమనిషిలా నిట్టూర్చాడు.

“పోనీ తీ తమ్మీ. నువ్వన్న బతుకు, పో లోపటికి.”

అందరి ముందరా అన్నాడు ఆ మాట. అంతకంటే బాగా నన్ను పట్టివ్వడం ఎవరి తరమూ కాదు.

సాయంత్రం చిట్కుల్ వచ్చి మొగులయ్య తలుపు తట్టాను. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి, ఇంట్లో లేడని వాళ్ళావిడ చెప్పింది. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను. పేర్లు కంపెనీకి చేరవేసింది నేను కానని, మానేస్తే నమ్ముతారనుకున్నాను. పని అయిపోయింది కాబట్టి కంపెనీయే ఇంకో చోటికి పంపిందన్నారు. గది ఖాళీ చేసి పటాన్‌చెరు పోయాను. నా పేరు ప్రభుదాసు. ఈ చుట్టుపక్కల కంపెనీలలో నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ‘కార్డోడు’ అంటారు, ఆ రోజు నా ఒక్కడి కార్డే పనిచేసిందని. కొత్తచోట ఎక్కడ చేరినా ఆ పేరు నాకంటే ముందే క్యాంటీన్ చేరేది. నేను పళ్ళెం పట్టుకుని కూర్చుంటే బల్ల మీద మాటలు ఆగిపోయేవి. రోడ్డు మీద ఎదురుపడితే మొగులయ్య ముఖం తిప్పుకునేవాడు కూడా కాదు, నమస్తే సార్ అనేవాడు. బావా అన్న నోటితోనే.

నిజం నాకు తర్వాతి ఎండాకాలం తెలిసింది. అప్పటికి ఒక కరెంటు సామాన్ల దుకాణంలో పనిచేస్తున్నాను. స్విచ్‌బోర్డులు దించడానికి కాజీపల్లిలో ఒక కంపెనీకి పోయాను. గేటు మీద పేరు వేరు, యజమాని మాత్రం మా పాత యజమానే అని లోపలికి పోయాక ఎవరో చెప్పారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో తినిపొమ్మన్నారు. తెల్ల టోపీ పెట్టుకుని, భుజాన తువ్వాలుతో, పెద్ద గిన్నె మూత తీసి కళ్ళు మూసుకుని ఆవిరి పీలుస్తున్నాడు అన్న. క్యాంటీన్ అంతా ఆయన చేతి కింద ఉంది.

నన్ను చూసి దాక్కోలేదు. సంతోషపడ్డాడు. అదే నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టాడు.

“ఆ ప్యాకు గేటు ఎట్ల దాటింది అన్నా?” అన్నాను.

“ముందుగాల తిను.”

“ఎట్ల దాటింది?”

తువ్వాలుతో బల్ల తుడిచాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

“ఇచ్చిండ్రు. ఆదివారాలు పోరగాండ్లను తోల్కపో, మంచిగ తినవెట్టు, ఏమనుకుంటుండ్రో ఇను అన్నరు. కాదంటే నన్ను ఎల్లగొడుతమన్నరు. ఈ వయసుల నన్ను ఎవడు పెట్టుకుంటడు తమ్మీ? కని నీ ముచ్చట నేను చెప్పలే. అందరి పేర్లు చెప్పిన, నీ ఒక్కని పేరు దాసిన. నువ్వు నా తమ్మునివని.”

దానికి నేను దండం పెడతానని ఎదురుచూస్తున్నాడు. ఆయన ముఖంలో నిజంగా ప్రేమ ఉంది. ప్రేమ లేదని అనుకోగలిగితే నాకు ఎంతో తేలికయ్యేది.

“నీ కార్డు?”

“నాది సుత బంద్ చేయమన్న. లేకుంటే అనుమానం రాదా?”

“అనుమానం నా మీదికొచ్చింది అన్నా. అందరు నన్నే అంటుండ్రు.”

“ఎరుకే” అన్నాడు మెల్లగా. అంటే ఎవరు నన్ను ఏమంటున్నారో తెలిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు.

“మొగులయ్యకు చెప్పు. వాడొక్కనికి చెప్పు, సాలు.”

“చెప్త తమ్మీ. నా నోటితోని నేనే చెప్త. జెర టైం రానీ.”

పళ్ళెం ముట్టుకోకుండా లేచాను. సల్లారుతది అని వెనకనుంచి పిలుస్తున్నాడు.

మొగులయ్యకు నేనే చెప్పి చూశాను. ఒక టీకొట్టు దగ్గర దొరకబుచ్చుకుని మొత్తం చెప్తే, తాగుతున్న చాయ్ సగంలో పెట్టేసి లేచిపోయాడు. మిగిలినవాళ్ళు ఇంకా తిట్టారు. తమతోపాటు గేటు బయట నిలబడ్డ మనిషి మీద, పాపం ఎక్కడో క్యాంటీన్‌లో వంట చేసుకుని బతుకుతున్న మనిషి మీద నింద వేస్తావా అన్నారు. ఆయన నోటినుంచి వస్తే తప్ప ఎవరూ నమ్మరని తేలిపోయింది. అప్పటినుంచి పండుగకో పబ్బానికో ఫోన్ చేసేవాణ్ణి. “చెప్త తమ్మీ, దసరా పోనీ.” “చెప్త, బిడ్డ పరీక్షలు కానీ.” ఒకసారి, “అన్నం తిన్నవా?” అని మాత్రం అడిగి పెట్టేశాడు. కొన్నేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఫ్లెక్సీ.

దినానికి పోయాను. ఆయన చెప్పని మాట ఆ ఇంట్లో ఎక్కడన్నా మిగిలి ఉంటుందన్న పిచ్చి ఆశ కాబోలు. ఇంద్రేశంలో కొత్త లేఅవుట్లు పడ్డ వైపు ఇల్లు. ఖాళీ ప్లాటులో షామియానా, పంక్తి కూర్చుంది. వడ్డించేవాళ్ళంతా గేటు బయట ఆగిపోయినవాళ్ళే. ప్యాకింగు అతను నీళ్ళు పోస్తున్నాడు. మొగులయ్య అన్నం బకెట్ పట్టుకుని వరస మొదట్లో ఉన్నాడు. నన్ను చూసి అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి. చావిల్లు కాబట్టి ఎవరూ పొమ్మనలేదు. నేను చివర ఆకు ముందు కూర్చున్నాను.

మొగులయ్య వడ్డిస్తూ నా దాకా వచ్చేసరికి అన్న భార్య వచ్చింది. మా వదిన. పడవ రోజుల్లో డబ్బాల్లో ఉల్లిగడ్డలు తరిగి పంపింది ఆమే. నా భుజం మీద చెయ్యి వేసి ఏడ్చింది.

“వచ్చినవా ప్రభూ. మీ అన్న పొయ్యేదాక నిన్నే తలిచిండు. అందరి కార్డులు బంద్ చేయిస్తి, నా తమ్ముని కార్డు మాత్రం బంద్ కానియ్యలే అని ఎన్నిసార్లు చెప్పిండో. నువ్వంటే గంత పాణం ఆయనకు.”

ఆమెకు తను ఏం చెప్పిందో తెలియదు. భర్త మంచితనం చెప్పాననుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకొకరి దగ్గరికి పోయింది. మొగులయ్య గరిటె నా ఆకు మీద అలాగే ఆగిపోయింది. అన్నం గరిటెలోనే ఉంది. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసింది ఇదే కదా.

బకెట్ పక్కవాడికిచ్చి షామియానా వెనక్కి నడిచాడు. నేనూ పోయాను. నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

“అయితే నువ్వు చెప్పిందే నిజమా?” అన్నాడు.

“ఇనపడ్డది గద.”

“ఇనపడ్డది.”

“అందరికి చెప్పు మొగులయ్యా. నేను చెప్తె నమ్మరు, నువ్వు చెప్తె నమ్ముతరు. నా పేరు నాకిప్పియ్యి, ఇంకేం వద్దు.”

తల అడ్డంగా తిప్పాడు. ఏడుస్తున్నాడు కూడా.

“పని పోయినంక నా బిడ్డకు జ్వరమొస్తే ఎత్తుకోని దవాఖానకు ఉరికింది ఆయననే. ఇంట్ల పొయ్యి ఎలగని దినం కుక్కర్ పట్టుకోని వచ్చి వండిపెట్టిపోయిండు. నా బిడ్డ ఆయన్ని తాత అంటది. నిన్ను తిట్టుకుంట ఇన్నేండ్లు ఎల్లదీసిన, గది అలవాటైంది. ఇప్పుడు ఆయన మీద కోపం కొత్తగ యాడికెల్లి తేవాలె? నాకు ఆయన్ని గట్లనే ఉండనియ్యి.”

“మరి నేను?”

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలా మెల్లగా, దయగానే అన్నాడు.

“నువ్వు ఓర్సుకున్నవ్ గద.”

లోపల ఎవరో అన్నం అడుగుతున్నారు. మొగులయ్య పోయి బకెట్ అందుకుని రెండో పంక్తికి వడ్డించడం మొదలుపెట్టాడు. అన్న చేసింది తెలిసిన రోజు కూడా నాకు ఇంత దెబ్బ తగల్లేదు. నిజం తెలిసిననాడు మొగులయ్య నా వైపు వస్తాడన్న ఆశ ఆ రోజు నాకు ఉండేది.